ఆయన మాటను నేను పూర్తి చేశాను

నాకు ఓపిక తక్కువ. ఆ మాట ఇంకొకరు అనేలోపు నేనే అనేస్తాను. ఎంత తక్కువో దాన్నిబట్టే తెలుస్తుంది. బస్సు రాకపోతే స్టాపులో నిలబడలేక తర్వాతి స్టాపుకు నడక మొదలుపెడతాను, సగం దారిలో ఉండగా అదే బస్సు నన్ను దాటి వెళ్లిపోతుంది. కుక్కర్ రెండో విజిల్‌కే స్టవ్ కట్టేస్తాను. పప్పు పలుకుగా ఉంటుంది, మా ఆయన ఏమీ అనకుండా నములుతాడు. క్లాసులో పిల్లలు ప్రశ్న సగం అడగ్గానే జవాబు చెప్పడం మొదలుపెడతాను. ఇరవై ఏళ్లకు పైగా సికింద్రాబాద్‌లో ఒక కాలేజీలో తత్వశాస్త్రం చెబుతున్నాను. ఆ రెండో సగంలో వాళ్లు ఏం అడగబోయారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ తొందర నాకు పోటీల్లో అబ్బింది. మా అమ్మానాన్నలు గుంటూరు వైపు నుంచి టీచరు ఉద్యోగాలకు ఇక్కడికి వచ్చినవాళ్లు. మా చర్చి యువజనుల వక్తృత్వ పోటీల్లో నన్ను ఏడేళ్ల వయసులోనే స్టూలు మీద నిలబెట్టారు. రెండో నిమిషానికి ఒక గంట, మూడో నిమిషానికి రెండో గంట. గంట కొట్టేలోపు మన మాట అయిపోవాలి, కుదిరితే ఎదుటివాడి మాట కూడా మనమే చెప్పేసి దాన్ని పడగొట్టాలి. తర్వాత యూనివర్సిటీలో నేర్చుకున్న పద్ధతీ ఇంచుమించు అదే, కాకపోతే అక్కడ గంట కనిపించదు. ఎదుటివాడు చెప్పబోయేది వాడికన్నా ముందు, వాడికన్నా బాగా చెప్పగలిగితే సెమినార్లలో తలలు ఊపుతారు. దాన్ని తెలివి అంటారు, పెద్దమనసు అని కూడా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

నాలుగేళ్ల కిందట, నా దగ్గర పిహెచ్‌డి చేసిన అమ్మాయి థీసిస్ బైండింగ్‌కు ఇవ్వడానికి మోండా మార్కెట్ వెనక సందులో ఒక షాపుకి వెళ్లాను. అమ్మాయిని పంపొచ్చు, కానీ ఆమె నిదానస్తురాలు, నేనే వెళ్తే త్వరగా అవుతుందనుకున్నాను. రెండు రోజుల తర్వాత వెళ్తే నాలుగు కాపీల్లో ఒక్కటీ కుట్టలేదు. తెల్లగడ్డం పెద్దాయన ఒకరు థీసిస్ ముందు పెట్టుకుని, కళ్లద్దాలు ముక్కు చివరకు జార్చుకుని చదువుతున్నాడు.

"మేడమ్, ఇది గిట్లనే కుట్టాల్నా?" అన్నాడు.

"కుట్టడానికే కదా ఇచ్చింది!"

"జెర ఇటు సూడుండ్రి. ఈ పేజీల అమ్మాయి ఏమంటది? తన కండ్లతోని సూడనిది నమ్మొద్దు అంటది. ఎన్క పేజీల ఏమంటది? ఫలానా పెద్దమనిషి చెప్పిండు, గందుకని ఇది నిజం అంటది. మరి గా పెద్దమనిషిని ఆమె సూసిందా? ఆయన చెప్తుంటే విన్నదా?"

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆయన అన్నది నిజం, ఆ థీసిస్ మీద గైడుగా సంతకం పెట్టింది నేను. ఒక గంటసేపు వాదించాను. చివరికి నాలుగు కాపీలూ సంచిలో వేసుకుని కుట్టించకుండానే ఇంటికి తెచ్చాను. ఆ అమ్మాయి ఆ అధ్యాయం మళ్లీ రాసింది. నన్ను ఎంత తిట్టుకుందో నాకు చెప్పలేదు.

ఆయనది నల్గొండ వైపు ఒక చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, చదువు ఉర్దూ, అరబీల్లో. ఒక మదరసాలో ముప్పై ఏళ్లు మంతిఖ్ చెప్పాడు. మంతిఖ్ అంటే తర్కం, మేము కాలేజీలో లాజిక్ అని చెప్పే సబ్జెక్టే. ఆ పని మానేశాక తమ్ముడి షాపులో కూర్చుని పుస్తకాలు కుడుతున్నాడు. నేను ఆయన్ని సాబ్ అనేదాన్ని. ఆయన మొదటి ఏడాది నన్ను మేడమ్ అన్నాడు, తర్వాత అమ్మా అన్నాడు. అలా అన్న రోజు నేను ఇంటికి వెళ్తూ ఎంత సంతోషపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

శనివారం మధ్యాహ్నం నాకు క్లాసులు ఉండవు. రెండింటికి ఆ షాపుకి వెళ్తే సాబ్ సాయంత్రం అసర్ నమాజుకు లేచేదాకా మాటలే. ఆయన దబ్బనంతో కుడుతూ, మైదా జిగురు పూస్తూ మాట్లాడతాడు. నేను స్టూలు మీద ఐదు నిమిషాలు కూర్చుని, లేచి, అట్టల కట్టలకూ కటింగ్ మెషీనుకూ మధ్య ఉన్న నాలుగడుగుల జాగాలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడతాను. "కూసో అమ్మా, జెర కూసో, నా తల తిరుగుతున్నది" అనేవాడు.

ఒకసారి నేను, జ్ఞానం అనేది అనుమానంతోనే మొదలవుతుందని మా యూనివర్సిటీ వాళ్ల పద్ధతిలో దంచి చెప్పాను. అంతా విని, దారం పళ్లతో తెంపి, "నీకు అనుమానించుడు ఎవరు నేర్పిన్రు?" అని అడిగాడు. మా ప్రొఫెసర్లు అన్నాను. "మరి వాండ్లను అనుమానించినవా?" అన్నాడు. ఆ వారమంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఇంకోసారి నేను ఆయన్ని ఇరుకున పెట్టాను. మీ ఉస్తాద్ చెప్పాడు, ఆయనకు ఆయన ఉస్తాద్ చెప్పాడు, ఇలా వెనక్కి పోతూ ఉంటే మొట్టమొదట తప్పు చెప్పినవాడు ఒకడుంటే ఏం చేస్తారు అన్నాను. ఆయన మూడు వారాలు తీసుకుని జవాబు చెప్పాడు. మూడు వారాలు! మా సెమినార్లలో మూడు నిమిషాలు ఆగితే ఓడిపోయినట్టే.

మా కాలేజీలో తత్వశాస్త్రం తీసుకునే పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. స్టాఫ్ రూములో మాటలన్నీ డీఏ గురించి, యాప్రాల్‌లో లేస్తున్న ఫ్లాట్ల గురించి. నేనూ యాప్రాల్‌లోనే ఉంటాను కాబట్టి నన్నే అడుగుతారు, చదరపు గజం ఎంత పలుకుతోంది మేడమ్ అని. నేను చదువుకున్న చదువుకు వారం మొత్తంలో పని దొరికేది ఆ శనివారం మధ్యాహ్నమే. ఆ షాపులోంచి నన్ను వెళ్లగొడితే నాకు ఇంకో చోటు లేదు. ఆ సంగతి అప్పట్లో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

సాబ్ మొదట్లోనే ఒక నియమం పెట్టాడు. ఆయన చదువుకున్న చోట అదే పద్ధతట. ఒకరు చెబుతారు. రెండోవాళ్లు వెంటనే జవాబు చెప్పకూడదు. విన్నదాన్ని ముందు తిరిగి అప్పగించాలి. "నేనన్నది గిదే" అని మొదటివాళ్లు ఒప్పుకున్నాకే జవాబు. ఒప్పుకోకపోతే మళ్లీ వినాలి. నాకు ఈ నియమం తెగ నచ్చింది. మా వాళ్లలోనూ మంచి పండితులు చేసేది ఇదే కదా అనుకున్నాను. "అంటే మీరనేది ఏంటంటే" అని మొదలుపెట్టి ఆయన వాదనను ఆయనకే చక్కగా చుట్టి ఇచ్చేదాన్ని. సాబ్ దారం లాగుతూ వినేవాడు. ఏమీ అనేవాడు కాదు. క్లాసులో పిల్లలు మాట్లాడకపోతే అర్థమైనట్టు లెక్క వేసుకోవడం నాకు అలవాటు. నేను జవాబులోకి దిగిపోయేదాన్ని.

ఆ మాటలు పోకూడదని ఫోనులో రికార్డు చేసుకుంటానని అడిగాను. "చేస్కో, ఏమున్నది" అన్నాడు.

కిందటేడాది ఒక యూనివర్సిటీ వాళ్లు తెలుగులో ఒక వ్యాస సంకలనం తెస్తున్నామని, సాక్షి మాటను ఎందుకు, ఎంతవరకు నమ్మాలి అన్న విషయం మీద రాయమని అడిగారు. నేను ఎగిరి గంతేశాను. మా మధ్య అప్పటికి ఐదారు నెలలుగా నలుగుతున్నది అదే విషయం. వాళ్లు రెండు నెలల గడువిస్తే నేను తొమ్మిది రోజుల్లో రాసి పంపేశాను. వ్యాసంలో మొదటి సగం మా పుస్తకాలు. రెండో సగం సాబ్. దానికి నడుమ ఒక పెద్ద మెరుపు: నోటి మాట మీద, గురువు మీద నడుస్తుందని మనం అనుకునే ఆ సంప్రదాయం కూడా చివరికి మనిషి జ్ఞాపకాన్ని నమ్మలేక కాగితానికే పెద్దపీట వేస్తుంది. ఈ వాదన సాబ్‌దే అని రాశాను. కింద ఫుట్‌నోట్‌లో, "సికింద్రాబాద్‌కు చెందిన ఒక వృద్ధ సమాచారదాతతో సంభాషణ" అని పెట్టాను. పేర్లు రాయకపోవడం పరిశోధనల్లో పద్ధతి. మిగతా ఫుట్‌నోట్లలో మాత్రం అందరికీ పేర్లున్నాయి.

పుస్తకం రాగానే ఒక కాపీ, పావుకిలో ఉస్మానియా బిస్కెట్లు పట్టుకుని షాపుకి పరిగెత్తాను. సాబ్ ముందు పుస్తకం వెన్ను చూశాడు, కుట్టు చూశాడు, "జిగురు ఎక్కువైంది" అన్నాడు. చదివి చెబుతానని అరలో పెట్టాడు. నేను అక్కడే నిలబడి చదివించాలనుకున్నాను. బలవంతాన బయటికి వచ్చాను.

తర్వాతి శనివారం వెళ్తే, "ఈ వారం పని శాన ఉన్నదమ్మా" అన్నాడు. స్టూలు మీద కాగితాల కట్టలున్నాయి, తీయలేదు. ఆ పై శనివారం కూడా పనే. ఇంత పని ఆ షాపుకు నేను నాలుగేళ్లలో చూడలేదు. చాయ్ తెప్పించాడు, ఆరోగ్యం అడిగాడు, మా ఆయన్ని అడిగాడు. అంతే. మర్యాదకు లోటు లేదు. ఆ మర్యాదే నన్ను చంపింది.

ఆ రెండు వారాలు నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఒక రోజు కాలేజీకని ఎక్కిన బస్సు దిగకుండా కాప్రా దాకా పోయి, చెరువు గట్టు మీద కాసేపు నడిచి, ఏమీ తోచక మళ్లీ బస్సెక్కాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ ఫుట్‌నోటే తడుముకున్నాను. ఎప్పుడో పోయిన పాశ్చాత్యులందరికీ పేర్లు, బిరుదులు. మోండా మార్కెట్ వెనక కూర్చుని నా మెదడుకు పదును పెట్టిన మనిషికి మాత్రం సమాచారదాత. బస్సు ఏ టైముకు వస్తుందో చెప్పేవాడిని అనే మాట అది. నాలుగేళ్లు ఒక మనిషితో వాదించి, చివరికి ఆయన్ని నేను సేకరించుకున్న సరుకుగా అచ్చేయించాను. ఛీ అనిపించింది.

మూడో శనివారం వెళ్లి, కట్టలు నేనే దించి స్టూలు మీద కూర్చున్నాను. క్షమాపణ మొత్తం బస్సులోనే తయారు చేసుకున్నాను కాబట్టి గడగడా చెప్పేశాను. పేరు రాయకపోవడం తప్పు, ఆ మాట వాడటం ఇంకా తప్పు, యూనివర్సిటీ వాళ్లకు రాస్తాను, సరి చేయిస్తాను.

సాబ్ దబ్బనం పక్కన పెట్టాడు.

"పేరుదేమున్నదమ్మా. పేరు రాయకపోవుడే మంచిగైంది."

నేను బిత్తరపోయాను.

"మనిషి కంటే కాగితం మేలని నేనెప్పుడన్న?" అన్నాడు. "మా దగ్గర కితాబ్ చేతిల ఉంటే సరిపోదు. ఉస్తాద్ ముందర కూసోని సదవాలె. ఆయన వినాలె. తప్పుపోతే ఆపాలె. గప్పుడే అది నీకు వచ్చినట్టు. ఉత్త కాగితం సూసి నేర్చుకున్నోనికి మా దగ్గర ఇజ్జత్ లేదు. ముప్పై ఏండ్లు పోరగాండ్లకు గిదే చెప్పిన. నేను దానికి ఉల్టా ఎట్ల అంట?"

"మీరే అన్నారు సాబ్."

"అనలేదమ్మా."

"అన్నారు. నా దగ్గర రికార్డు ఉంది."

ఆ మాట నా నోట్లోంచి ఊడిపడ్డాక గాని నేను ఏమన్నానో నాకు తెలియలేదు. మనిషి ఎదురుగా కూర్చుని నేననలేదంటుంటే, ఫోను ఉందన్నాను. సాబ్ నన్ను ఒక్క క్షణం చూసి మళ్లీ దబ్బనం తీసుకున్నాడు. "ఉంటే మంచిదే. పోయి విను" అన్నాడు.

నాకు కోపం. నిజం చెప్పాలంటే, పశ్చాత్తాపం ఆ షాపు మెట్లు దిగేటప్పటికే పోయి కోపం మిగిలింది. వయసు మీద పడింది, అన్న మాట మర్చిపోయాడు, పైగా నన్ను అబద్ధాలకోరుని చేస్తున్నాడు అనుకున్నాను. స్టేషన్ దాకా విసవిసా నడిచాను. రుజువు చేసి చూపిస్తాను, ఆయన మాట ఆయనకే వినిపిస్తాను, అప్పుడేమంటాడో చూస్తాను. క్షమాపణ చెప్పడానికి వెళ్లిన మనిషిని, దారి పొడుగునా వాదన గెలవడానికి సిద్ధమయ్యాను.

మర్నాడు ఆదివారం. చర్చిలో ప్రసంగం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఇంటికి రాగానే చీర కూడా మార్చుకోకుండా బాల్కనీలో కూర్చుని ఆ రికార్డింగు వెతికాను. వెతకడం కష్టం కాలేదు, ఆ రోజు నాకు గుర్తుంది. జోరుగా వాన. సాయంత్రం బేగంపేటలో ఒక హోటల్లో మా కొలీగ్ కూతురి రిసెప్షన్. ఆటోలు దొరకవని నేను మాటిమాటికీ వాచీ చూసుకున్నాను.

ముందు రేకుల మీద వాన చప్పుడు. తర్వాత సాబ్ గొంతు, నిదానంగా, మధ్యమధ్యలో దారం లాగినంత సేపు ఆగుతూ.

"ఒక మనిషి ఉంటడు. అబద్ధం ఆడడు. కానీ మర్చిపోతడు. గసుమంటోని మాట మనం పక్కకు పెడ్తం. పెట్టినంక..."

వెంటనే నా గొంతు. "అంటే మీరనేది ఏంటంటే సాబ్, నిజాయితీ ఉన్నా చాలదు, జ్ఞాపకం గట్టిగా ఉండాలి, అది ఎవరికీ ఉండదు, కాబట్టి చివరికి మనిషి మాట కన్నా రాసి పెట్టిన కాగితమే మేలు. అంతేగా? దీనికి నా జవాబు ఏంటంటే..." ఇక అక్కడి నుంచి నేనే. వాన, నేను. వాన తగ్గాక నేనొక్కదాన్నే. చివర్లో, లేట్ అయిపోయింది సాబ్, వస్తాను అని నేను.

ఐదుసార్లు విన్నాను. ఎక్కడైనా ఆయన ఒప్పుకున్నాడేమో, గొంతు సవరించుకున్నాడేమో, ఏదైనా ఒక్క మాట అన్నాడేమో అని చెవి ఫోనుకు ఆనించి విన్నాను. ఏమీ లేదు. కాగితం మేలని ఆ షాపులో అన్నది నేను. ఆయన నోట్లో పెట్టింది నేను. ఆయన అన్నాడని అచ్చులో వేసిందీ నేనే.

అప్పుడు భయం వేసి మిగతా రికార్డింగులు తెరిచాను. అనుమానం గురించిన ప్రశ్న ఆయనదే, బతికించాడు. ఆ మూడు వారాల జవాబు కూడా పూర్తిగా ఆయనదే, ఆ రోజు నాకు గొంతు పోయి ఉంది. మిగతావి ఒకటొకటిగా వింటూ పోతే, నేను కాలేజీలో, ఇంట్లో, బస్సులో పక్కవాళ్లకు కూడా "మా సాబ్ ఏమంటాడో తెలుసా" అని గొప్పగా చెప్పుకున్న మాటలు చాలావాటికి మొదలు ఆయన గొంతులో, ముగింపు నా గొంతులో ఉన్నాయి. విన్నది తిరిగి అప్పగించాలన్న ఆయన నియమాన్ని నేను ప్రతి వారం పాటించాననే అనుకున్నాను. పాటించాను కూడా, కాకపోతే వినకముందే అప్పగించాను. ఆయన కాదనలేదేం అని ఎవరైనా అడగొచ్చు. ఎప్పుడు కాదనాలి? నేను అప్పటికే జవాబులో ఉండేదాన్ని.

మా ఆయన రైల్వే ఆఫీసులో పనిచేస్తాడు, ఇంట్లో తక్కువ మాట్లాడతాడు. బాల్కనీ గుమ్మంలోకి వచ్చి, "అసలు నువ్వు పొద్దుటి నుంచీ..." అన్నాడు.

"తెలుసు, ఎవరి మాటా పూర్తి కానివ్వను, అంతేగా?" అన్నాను, ఏడుపు గొంతుతో.

"ఏమీ తినలేదు అనబోయాను" అన్నాడు.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని మా అత్తగారు నన్ను చూసినప్పుడల్లా ఎందుకనేదో, పాతికేళ్ల తర్వాత ఆ రోజు తెలిసింది.

సోమవారం యూనివర్సిటీ సంపాదకులకు ఉత్తరం రాశాను. ఫలానా వాదన ఆ పెద్దాయనది కాదు, నాది, నేను పొరపాటున ఆయనకు అంటగట్టాను, వ్యాసం వెనక్కి తీసుకుంటాను అని. సంపాదకుడు మర్నాడే ఫోన్ చేశాడు. అచ్చయిన పుస్తకాన్ని ఏమీ చేయలేం గానీ ఆన్‌లైన్ ప్రతిలో ఫుట్‌నోట్ తీసేద్దాం మేడమ్, ఆ వాదన మీదే అయితే మీ పేరు మీదే ఉండనివ్వండి, వ్యాసం మొత్తంలో బలమైన ముక్క అదే కదా అన్నాడు. ఆశపడలేదని చెప్పను. ఇన్నేళ్లలో సొంతంగా ఒక వాదన పుట్టించానని నన్ను ఎవరూ మెచ్చుకోలేదు. ఆలోచించుకుని చెబుతానన్నాను. నేను ఆలోచించుకుని చెబుతాననడం అదే మొదటిసారి కావచ్చు.

శనివారం వెళ్లేటప్పటికి సాబ్ ఒక పాత రిజిస్టరు విప్పదీసి మళ్లీ కుడుతున్నాడు. నేను తిరగకుండా స్టూలు మీద కూర్చున్నాను. కూర్చోవడం ఎంత కష్టమో, కాళ్లు వాటంతట అవే ఊగుతున్నాయి. ఆయన ఆ పని పూర్తి చేసి, చేతులు తుడుచుకుని, "చెప్పమ్మా" అన్నాడు.

"మీరు అనలేదు సాబ్. నేనన్నాను."

తల ఊపాడు. గెలిచినట్టు లేదు ఆ ముఖం. అలా ఉన్నా బాగుండేది.

ఫోను తీసి వినిపించాను. ఆయన తల వంచి విన్నాడు. వాన చప్పుడు, "పక్కకు పెడ్తం, పెట్టినంక", తర్వాత నేను. అక్కడే ఆపేశాను.

"ఈ పెట్టినంక తర్వాత ఏం చెప్పబోయారు సాబ్?"

"మళ్లా పెట్టు" అన్నాడు. పెట్టాను. ఇంకోసారి పెట్టమన్నాడు. మూడోసారి కళ్లు మూసుకుని విన్నాడు, పెదవులు ఆ మాటతో పాటు కదిలాయి, పెట్టినంక, పెట్టినంక అని. సందులో ఎవడో ఆపకుండా హారన్ కొడుతున్నాడు. లేచి వెళ్లి వాడి నోరు మూయించాలనిపించింది. కూర్చున్నాను.

"యాద్ లేదమ్మా" అన్నాడు చివరికి.

"పోనీ ఇప్పుడు చెప్పండి. అలాంటి మనిషి మాట పక్కన పెట్టాక ఏం చేయాలి? మీకేమనిపిస్తే అది చెప్పండి, రాసుకుంటాను. ఈసారి మీ పేరుతో రాస్తాను, మీకు చదివి వినిపించాకే పంపుతాను."

"చెప్పొచ్చు. ఎందుకు చెప్పరాదు. కానీ అది ఇయ్యాల్టి మాట అయితది. గా దినం చెప్పబోయింది గిదే అని నేను అంటే, నువ్వు జేసిందే నేను సుత చేసినట్టు." కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నాడు. "నువ్వన్నది సుత మంచి మాటనే అమ్మా. నీ పేరు మీద రాస్కో. నాకేం తక్లీఫ్ లేదు."

ఆయన తిడితే నా దగ్గర మాటలుండేవి. తిట్టేవాళ్లతో నాకు అలవాటే. నేను అడక్కుండానే ఆ వాదనను నాకు వదిలేస్తున్నాడు, పోయిన తన మాట గురించి మాత్రం ఒక్క ముక్క అడగడం లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదైనా కొంచెమైనా గుర్తుందేమో చూడండి సాబ్ అని బతిమాలాను.

ఆయన రిజిస్టరు మీద చెయ్యి పెట్టి ఆలోచించాడు. నేను ఆగాను. ఎంతసేపో తెలియదు, వాచీ చూడలేదు.

"యాద్ ఉన్నది ఒక్కటే," అన్నాడు. "గా రోజు పొద్దుగాల్ల నుంచి గా మాటనే మనసుల తిప్పుకుంట కూసున్న. చేతిల పని సుత సాగలే. శనివారం గదా, నువ్వొస్తవ్, నీకు చెప్పాలె అని."

ఫోను నా ఒళ్లోనే ఉంది. తెర మీద ఆ రికార్డింగు ఆగిన చోటే ఆగి ఉంది. ఇంకా నలభై నిమిషాలుంది, అదంతా నేనే.